మూలాన్ని తొలగించండి

ఆ ఉదయం కూడా కప్పుల్లో రబ్బరు గట్టిపడలేదు. నైరీ వేలు పెట్టి చూసింది. లేతపాకంలా అంటుకుంది.

యంత్రం తెరమీద ఎర్రటి అక్షరాలు అలాగే ఉన్నాయి: “గంధకం సోకింది. మూలాన్ని తొలగించండి.”

రొటోరువాలోని ఆ పాల పరికరాల కంపెనీకి యంత్రం కొత్తగా వచ్చింది. ఆవుల పొదుగుకి తగిలించే గొట్టాలకి మెత్తటి సిలికాన్ రబ్బరు కావాలి. సిలికాన్ గట్టిపడడానికి అందులో ప్లాటినం చుక్క కలపడం, పాళ్ళు మార్చడం, ఇనుపవేలితో పొడిచి చూడడం, నచ్చకపోతే మళ్ళీ మొదలుపెట్టడం, అంతా అదే చూసుకుంటుంది. మనుషులు ఎంత చేసినా వంక పెడుతుంది కనక దానికి ‘అత్తగారు’ అని పేరు పెట్టారు.

ఆ పేరు పెట్టిన తామతి ఇప్పుడు లేడు. గంధకం కాస్త సోకినా ప్లాటినం పడకేస్తుంది. తామతి రోజూ ఉడికించిన గుడ్లు తెచ్చుకునేవాడు. మేనేజరు కెల్విన్ డబ్బా మూత తీసి వాసన చూసి, గుడ్డులో గంధకం ఉంటుందంటూ అతన్ని ఇంటికి పంపేశాడు.

“గుడ్డు తిన్నందుకు ఉద్యోగం పోయిందంటే మా ఆవిడ నమ్మదు బాసూ. ఇంకేదో వెధవపని చేశాననుకుంటుంది,” అంటూ వెళ్ళాడు తామతి.

తర్వాత లోయిస్. ఆవిడ తొడుక్కున్న రబ్బరు చేతితొడుగుల్లో గంధకం ఉంటుందట. ఆవిడా వెళ్ళింది. కప్పులు మాత్రం జిగురు వదల్లేదు.

ఇక మిగిలింది నైరీ. ఉల్లిపాయ మానేసింది. చేతులకి రాసుకునే క్రీము మానేసింది. వెండి పోగులు కూడా తీసేసింది. ఎంత తోమినా అవి ఇట్టే నల్లబడతాయి. ఆ ఊళ్ళో వెండి అంతే.

కెల్విన్ వెనకే వచ్చి నిలబడ్డాడు. క్రైస్ట్‌చర్చ్ హెడ్డాఫీసు నుంచి ప్రిసిల్లా వస్తోందని, ఆవిడకి ఎవరో ఒకరి పేరు చెప్పక తప్పదని అన్నాడు.

“చేతులు చూపించు.”

చూపించింది. వాసన చూశాడు. కోటు కూడా చూశాడు.

“ఏమైనా దొరికిందా?”

“దొరుకుతుంది. గంధకమంటే కుళ్ళిన గుడ్డు కంపు, ఎక్కడికి పోతుంది? ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన ముక్కు నాది. దీన్నెవరూ మోసం చెయ్యలేరు.”

“నాదీ ఈ ఊరి ముక్కే. నాకూ ఏమీ తెలియడం లేదు.”

ఉక్కగా ఉందని కెల్విన్ కిటికీ తెరిచాడు. కంచె అవతల నేల పగుళ్ళలోంచి ఆవిరి లేస్తోంది. ఆ వేడిమీదే మొక్కజొన్న పొత్తులు ఉడకబెడుతూ, నైరీ వాళ్ళమ్మ కూతుర్ని చూసి చెయ్యి ఊపింది. ఇంటికెళ్ళి ఆవిడకి ఏం చెప్పాలో నైరీకి తోచలేదు.

వెనకాల ఇనుపవేలు ఇంకో కప్పులో దిగింది. తెర ఎర్రబడింది.

కెల్విన్ తాళంచెవి కోసం చెయ్యి చాచాడు. నైరీ ఇచ్చేసింది.

వాకిట్లో కారు ఆగింది. ప్రిసిల్లా దిగుతూనే ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంది.

“ముందు ఇది చెప్పండి, మీ ఊరి పొలిమేర దాటినప్పట్నుంచీ ఈ కుళ్ళిన గుడ్ల కంపేమిటి?”