పరారీలో పెళ్ళికొడుకు

"పారిపోయాడు," అన్నాడు మాజీ ఇన్‌స్పెక్టర్. ఆ మాటలో దిగులు కన్నా తృప్తే ఎక్కువ వినిపించింది.

"మెల్లగా అనండి. అమ్మాయి వింటుంది," అంది భార్య.

"వినాలనే అంటున్నా. రెండేళ్ళుగా చెబుతూనే ఉన్నా."

రెండేళ్ళుగా ఆయన కాబోయే అల్లుడి ఫొటో వైపు కన్నెత్తి చూడలేదు. పెళ్ళికి రానే రానన్నాడు. చివరికి తెల్లవారుజామున ముఖం మాడ్చుకుని కారెక్కాడు. గురుద్వారాలో అడుగుపెట్టడం ఆయనకిదే మొదటిసారి.

పన్నెండు లోపు పెళ్ళి అయిపోవాలి. పదకొండు దాటింది. పెళ్ళికొడుకు ఫోను మాత్రం వాళ్ళ విడిది గదిలో మోగుతోంది.

ఇన్‌స్పెక్టర్‌లో పాత రక్తం ఉడికింది. విచారణ మొదలుపెట్టాడు. తల మీద కట్టిన రుమాలు ప్రతి ప్రశ్నకీ జారుతోంది. బూట్లు లేవు కాబట్టి అడుగుల చప్పుడూ లేదు, ఎవరూ జడుసుకోవడం లేదు. పైగా కళ్ళజోడు పొద్దున కారులో ఆయన కిందే పడి నలిగి రిపేరుకి వెళ్ళింది. మనుషులంతా పొగమంచులో ఉన్నట్టున్నారు.

"వాడి గుర్తులు చెప్పు," అన్నాడు కూతురితో.

"పొడుగ్గా ఉంటాడు. గడ్డం, తలపాగా."

ఆయన హాలంతా కలయజూశాడు.

"ఇక ఒక్కొక్కణ్ణీ పట్టుకుని అడగండి," అంది భార్య.

వంటశాలలో అడిగితే ముందు కూర్చుని తినమన్నారు. చెప్పుల గదిలో పెళ్ళికొడుకు నాయనమ్మ దొరికింది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు కూతురు తెలుగులో వినిపించింది.

"పొద్దున అరగంట ఇక్కడే చెప్పులు సర్దాడట, నాన్నా."

"పెళ్ళిరోజునా? మనిషి దొరక్కనా?"

"ఆ పనికి ఇక్కడ పోటీ పడతారు. పెద్ద డాక్టర్లు కూడా చేస్తారు."

"సరే. తర్వాత?"

"ఎవరో పెద్దాయన వచ్చి ఏదో పని చెప్పాడట. చేతులు కట్టుకుని విని, అలాగే పరుగెత్తాడట. మామ్మ లోపలి అరల దగ్గరుంది, ఆయన ముఖం చూడలేదు."

ఇన్‌స్పెక్టర్ వేలు పైకెత్తాడు. "కుట్ర. పెళ్ళి చెడగొట్టాలని ఎవడో కావాలనే పంపాడు. వాడెవడో తేల్చకుండా నేనిక్కణ్ణుంచి కదలను."

కూతురు కళ్ళు తుడుచుకుంది. "పెళ్ళి చెడాలని కోరుకున్నది మీరొక్కరే కదా, నాన్నా."

వట్టి బండ మీద చతికిలబడ్డ కూతుర్ని చూస్తే ఆయనకి మొదటిసారి గుండె కలుక్కుమంది.

"ఏడవకమ్మా. నీ పెళ్ళి చేసే తీరతాను. వాడు పాతాళంలో ఉన్నా లాక్కొస్తాను."

పన్నెండుకి ఇరవై నిమిషాలుండగా ఒక పొడుగాటి మనిషి గేటులోంచి రొప్పుతూ దూసుకొచ్చాడు. కూతురు ఎదురు పరుగెత్తింది.

ఇన్‌స్పెక్టర్ అతని భుజం పట్టుకున్నాడు. గొంతులో పాత స్టేషన్ ఖంగుమంది.

"నిన్ను పంపిన ఆ పెద్దాయన ఎవడో చెప్పు బాబూ. భయపడకు. వాడి సంగతి నేను చూస్తాను."

అతను జేబులోంచి కొత్త అద్దాలు వేయించిన కళ్ళజోడు తీసి, రెండు చేతులతో అందించాడు.

"మీరే, మామయ్యగారూ. బాగుచేయించకుండా తిరిగి రావద్దన్నారు."