తోక ఉన్న ‘ద’

“ఇది చదువు టీచరమ్మా. ఏం రాసున్నదో జెర గట్టిగ చదువు.”

లక్ష్మీకాంతం సేటు తన చేతిలోని ఫ్లెక్సీని అంగన్‌వాడీ గది మధ్యలో పరిచాడు. పలకల మీద ‘ద’ దిద్దుతున్న పిల్లలు బలపాలు వదిలేసి చుట్టూ మూగారు. శ్రీవాణి టీచరు వంగి చూసింది. ఎర్రటి పెద్ద అక్షరాలతో ‘ఇచ్చట చెత్త వేయరా’ అని ఉంది. చివర ఉండాల్సిన ‘దు’ లేదు. ఆ చోట పళ్లెమంత చిల్లు పడి ఉంది.

నవ్వు ఆపుకోవడానికి ఆమె పెదవి కొరుక్కుంది. మరుక్షణం నవ్వు దానంతటదే ఆగిపోయింది. పోయిన ‘దు’ ఎక్కడుందో గుర్తొచ్చింది. సరిగ్గా సేటు వీపు వెనక, గోడ మీద ఉంది. జిగురు రాసి అంటించింది తనే.

సేటుది పోతిరెడ్డిపల్లిలో కిరాణా దుకాణం. అంగన్‌వాడీ నడిచే ఈ గదీ ఆయనదే. దుకాణం పక్క సందులో జనం చెత్త పోస్తున్నారని ఆ బోర్డు కట్టించాడు. మేనకోడలి పెళ్లికి దుకాణం మూసి జహీరాబాద్ వెళ్లి, నాలుగు రోజులుండి ఆ ఉదయమే తిరిగొచ్చాడు. వచ్చేసరికి బోర్డు పక్కన నిలబడి ఆటోవాళ్లు ఫొటోలు దిగుతున్నారు. అప్పటికే అది సగం ఊరి వాట్సాప్ స్టేటస్సుల్లోకి ఎక్కిందట. ఇది ఈ పిల్లల పనేనని ఆయన అనుమానం. ఎవరు చేశారో ఇప్పుడే తేలాలి, లేకపోతే గది ఖాళీ చేసుకోండని ఆయన తెగేసి చెప్పాడు.

శ్రీవాణి గోడకు అడ్డంగా జరిగి, కొంగు కాస్త విప్పార్చింది. కానీ ఆలస్యమైపోయింది.

“అది నా ద, సేటు,” అంది ఖుష్నుమా. పిల్లల మధ్యలోంచి లేచి నిలబడి, వేలితో గోడను చూపించింది. “మంచిగ సూడు, దానికి తోకున్నది.”

సేటు మెల్లగా వెనక్కి తిరిగాడు. గోడ మీద వార్తాపత్రికల్లోంచి, మందు డబ్బాల మీది నుంచి, పాత పెళ్లికార్డుల్లోంచి వచ్చిన చిన్న చిన్న ‘ద’లు పద్దెనిమిది ఉన్నాయి. వాటి నడుమ, రాజుగారిలా ఆయన ‘దు’ కూర్చుని ఉంది. పక్కన టీచరు పెట్టిన నక్షత్రం కూడా ఉంది.

ఇక దాచి లాభం లేదు. తప్పు తనదేనని శ్రీవాణి ఒప్పుకుంది. ‘ద’ ఎక్కడ కనిపిస్తే అక్కడి నుంచి కత్తిరించి తెమ్మని పిల్లలకు చెప్పింది తనే. కాగితాల్లోంచి అని చెప్పడం మరిచిపోయింది. ఐదేళ్ల ఖుష్నుమా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. రెండు నెలలుగా ఆ పిల్లకు ఒక్క అక్షరం ఒంటబట్టలేదు. ఏది చూపించినా ‘గుండీ లెక్కనే ఉన్నది టీచర్’ అనేది. అలాంటి పిల్ల సందులో తనంతట తాను ‘ద’ను పోల్చుకుని, దానికి కొమ్ము తగిలించినా మోసపోలేదన్న సంబరంలో శ్రీవాణికి అది ఎక్కడిదని అడగాలనే తోచలేదు.

“తిట్టాలంటే నన్ను తిట్టుండ్రి సేటు,” అంది. “పిల్లను భయపెడితే మళ్ల ఏ అక్షరం జోలికి పోదు.”

“తిట్టుడు కాదమ్మా, నా బోర్డు సంగతేంది?”

శ్రీవాణి గోడ మీది ముక్కను ఊడదీయబోతే అది నడిమికి చిరిగిపోయింది. ఖుష్నుమా కళ్లలో నీళ్లు తిరిగాయి. టీచరు తనే రాస్తే అందంగా వస్తుంది, క్షణంలో పని అయిపోతుంది. అయినా శ్రీవాణి ఒక తెల్ల ఫ్లెక్సీ ముక్క వెతికి తెచ్చి, ఎర్ర రంగులో ముంచిన కుంచెను ఆ పిల్ల చేతికే ఇచ్చింది. “నువ్వే రాయి బిడ్డా. సేటుకు ఆయన అక్షరం ఆయనకు ఇచ్చేద్దాం.”

ఖుష్నుమా నాలుక బయటపెట్టి, బోర్లా పడుకుని రాసింది. ‘ద’ కాస్త పక్కకు ఒరిగింది. తోక మాత్రం ముక్క అంచు దాకా పాకింది. శ్రీవాణి దాన్ని చిల్లు వెనక అంటించగానే బోర్డు మళ్లీ ‘వేయరాదు’ అయింది. సేటు దాన్ని దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి చూశాడు. గది సంగతి చూద్దామని చెప్పి, బోర్డును చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నాలుగు రోజులు శ్రీవాణి దుకాణం ముందు నుంచి నడవలేదు, చుట్టూ తిరిగి వచ్చింది. ఐదో రోజు సేటే వచ్చాడు. చంకలో అదే ఫ్లెక్సీ. ఖుష్నుమా టీచరు చీర వెనక దాక్కుంది. పందొమ్మిది మంది పిల్లల్ని తీసుకుని ఏ గదికి పోవాలా అని శ్రీవాణి లెక్కలు వేసుకుంది.

సేటు పిల్లల బుల్లి కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నాడు. బోర్డు మళ్లీ కట్టిన రెండో రోజు నుంచే సందులో చెత్త మోకాలెత్తు పేరుకుందని చెప్పాడు. ఎదురుగా టీ హోటల్ నడిపే వెంకటేశాన్ని అడిగితే అసలు సంగతి తెలిసిందట.

“నేను లేని నాలుగు దినాలు ఒక్క సంచి పడలేదట టీచరమ్మా. వచ్చినోడల్ల బోర్డు చదివి, ‘నన్నే వేయరా అంటడా, నేనెయ్య పో’ అని పౌరుషంతోని చెత్త మళ్ల ఇంటికే పట్టుకపోయిండట.”

ఆయన బోర్డు చివరి ముక్కను జాగ్రత్తగా ఊడదీసి ఖుష్నుమా వైపు చాచాడు.

“ఇగ ఈ ‘దు’ నాకొద్దు. నువ్వే ఉంచుకో బిడ్డా.”