మూడక్షరాల పేరు

“నా పేరు ఇంత పొట్టిదా అమ్మే?”

బిస్కెట్టు మీద గులాబీ రంగు ఐసింగుతో రాసిన అక్షరాలను చూసి ఆదిశేషమ్మ ఆశ్చర్యపోయింది. నాట్లేసి కాయలు కాసిన చేతుల్లో దాన్ని పసిబిడ్డలా పట్టుకుంది.

“ఐసింగుతో రాసేటప్పుడు కుదిస్తాంలే పెద్దమ్మా,” అన్నాను.

అబద్ధం. తన పేరు రాసిన బిస్కెట్టొకటి చేసిమ్మని ఆమె అడిగి వారమైంది. కేకుల ఆర్డర్ల హడావుడిలో నేను మరిచిపోయాను. ఎవరో పాప పుట్టినరోజుకి ఆ పాప పేరుతో చేసినవాటిలో ఒకటి మిగిలి ఉంటే, అదే ఇచ్చాను. ఆమెకు చదువు రాదు కదా, తినేస్తే అయిపోతుంది అనుకున్నాను.

పది రోజుల తర్వాత మళ్ళీ మా వంటింటి గుమ్మంలో నిలబడింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆ బిస్కెట్టు.

“తినలేదా పెద్దమ్మా?”

“పేరు ఎవురన్నా తింటారా? దాన్ని జూసే రోజూ దిద్దుకున్నా. పొద్దున సంఘం మీటింగులో వేలిముద్ర ఎయ్యమన్నారు. నేను ఎయ్యలా. పెన్ను దీసుకోని సంతకం పెట్టినా! అందరూ ఒకటే నవ్వు. కుళ్ళు వాళ్ళకి.”

చంకలోంచి పలక తీసి నా ముందు పెట్టింది.

“నువ్వు జెప్పమ్మే, తప్పేమన్నా ఉందా?”

పలక నిండా గుండ్రంగా, ముద్దుగా రాసి ఉంది: సుప్రియ, సుప్రియ, సుప్రియ.

ఒక్క అక్షరమూ తప్పు లేదు.