మీసం మీద పెట్టిన చెట్టు

"సెలూన్ బాబాయిని కూడా వెంటబెట్టుకొచ్చారా! ఇది ఆఫీసనుకున్నారా, ఇంకేమన్నానా?" అంది అడవి రికార్డుల ఆఫీసరమ్మ.

సెలూనాయన కత్తుల పెట్టెతో గుమ్మంలో నిలబడి ముసిముసిగా నవ్వుతున్నాడు. లోపల ఆమె మొగుడూ, తమ్ముడూ పోటీలుపడి మీసాలు మెలేస్తున్నారు. మొగుడిది కొండ పైన ఊరు, తమ్ముడిది కొండ కింద ఊరు. ఈ అడవిలో ఇంతవరకూ పెరిగిన చెట్లన్నిట్లోకీ పొడుగైనది మాదంటే మాదని రెండూళ్ళకీ తాతలనాటి తగువు. సాయంత్రంలోగా ఆమె ఏదో ఒక ఊరి పేరు బోర్డు మీదకెక్కించాలి. ఎక్కిస్తే పుట్టిల్లో మెట్టిల్లో ఏదో ఒకటి తలుపు మూసేస్తుంది. అదే ఆమె గుండెల మీద కుంపటి.

"పందెం గుర్తుందిగా బావా? తన చెట్టే పొడుగని తేల్చలేనివాడు మీసం తీయించుకోవాలి" అన్నాడు తమ్ముడు.

"నీ మీసాన్ని చివరిసారి చూసుకోరా బామ్మర్దీ! మాది మూడొందల అడుగులు. పెద్ద గాలివానకి పడిపోయింది గానీ..."

"మాది మూడొందల ఏడు! మాదీ ఆ గాలివానకే పడింది. గాలి మీ ఊరికి మాత్రమే వీచిందా ఏంటి?"

"ఆ ఏడడుగులూ చెట్టువి కావు, మీవాళ్ళ నోటివి!"

"ఆపండి ఇద్దరూ. పాత కాగితాలు చూశాను, రెండు కొలతలూ రాసే ఉన్నాయి. ఏది నమ్మాలో తేల్చే సాక్ష్యం ఏదీ?" అంది ఆమె.

ఇద్దరూ తమ తమ చెట్ల నుంచి కోసి దాచిన గుండ్రటి చెక్కలు ఈడ్చుకొచ్చారు. ఒక్కోటీ బండి చక్రమంత ఉంది. టేబుల్ మీద రెండూ పట్టలేదు.

"ఒకదాని మీద ఒకటి పెట్టండి."

"మాది కిందా? చస్తే పెట్టను!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"పెద్దది కింద, చిన్నది పైన. గిన్నెలు సర్దడం కూడా నేనే నేర్పాలా?"

గొణుక్కుంటూ పెట్టారు. అంచు టేబుల్ బయటికి వచ్చిందని ఆమె పై చెక్కని కాస్త తిప్పింది. కింది చెక్క అంచున ఉన్న నల్లటి పగులు పై చెక్కలోకి తిన్నగా ఎక్కిపోయింది. బెరడు మీది మచ్చ సగం ఇటూ, సగం అటూ కలిసిపోయి ఒకటే మచ్చ అయింది. ఆమె ఆ మచ్చని వేలితో తడిమి చూసింది.

"మీ చెట్టు ఎక్కడుండేదండీ?" అని మొగుణ్ణి అడిగింది.

"కొండవాలులో, మా పొలిమేర మీద" అన్నాడు మొగుడు.

"నీదెక్కడరా?"

"కొండవాలులోనే, మా పొలిమేర మీ..." తమ్ముడు కలిసిపోయిన మచ్చ మీదకి వంగాడు.

"పైవాళ్ళు పై వైపు నేల నుంచి కొలిచారు, కిందివాళ్ళు కింది వైపు నేల నుంచి. అదే మీ ఏడడుగులు! బోర్డు మీద రెండు పేర్లూ రాయిస్తాను" అంటూ ఆమె కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఇద్దరి చేతులూ మెల్లగా మూతుల మీదకి వెళ్ళాయి.

ఆమె గుమ్మం వైపు తిరిగింది.

"లోపలికి రా బాబాయ్! చెట్టు ఒక్కటే, మీసాలు రెండు."