బండి తుపాకీ

"మీ దగ్గర తుపాకీ ఉందా అమ్మా?"

ఆపిల్ కేకు తింటున్న వెర్నా తలెత్తి చూసింది.

అడిగినవాడు ఎనభై దాటిన ముసలాయన. ఉత్తరపు కిటికీ పక్కన ఒంటరిగా కూర్చున్నాడు. ఆ కిటికీలోంచి చూస్తే కెనడా సరిహద్దు గేటు కనిపిస్తుంది. మోంటానాలో అదే ఆఖరి ఊరు. ఆ ఊళ్ళో అదొక్కటే హోటలు.

"లేదు," అంది వెర్నా.

"టెక్సస్ నంబరు బండి కదా. సీటు కింద?"

"అదా? అది బండి తుపాకీ."

ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమె పుట్టి పెరిగిన చోట స్పేర్ టైరు ఉన్నట్టే ప్రతి బండికీ ఒక తుపాకీ ఉంటుంది. భర్త లీలండ్ తన రివాల్వర్‌ను నూనెగుడ్డలో చుట్టి సీటు కింద పెట్టాడు. ఆయన పోయాక ఆమె దాన్ని కదిలించలేదు. అనుమతి కార్డు పర్సులోనే ఉంది. దారిలో ఇన్ని రాష్ట్రాలు దాటినా ఎవరూ అడగలేదు.

ఆ కార్డు గేటు అవతల చెల్లదని ముసలాయన నెమ్మదిగా చెప్పాడు. లేదని చెప్పాక దొరికితే దాచారంటారనీ, ఇక ఎన్నటికీ అటు అడుగు పెట్టనివ్వరనీ చెప్పాడు. హోటల్ నడిపే రొవీనా దగ్గర ఉంచి వెళ్తే, తిరిగి వచ్చేటప్పుడు తీసుకోవచ్చునన్నాడు.

లీలండ్ చేతులతో చుట్టిన గుడ్డను ఇంకొకరు విప్పడం వెర్నాకు ఇష్టం లేదు.

"ముక్కూ మొహం తెలియని ఆడదాన్ని తుపాకీ అడిగి పుచ్చుకోవడం మీ ఊరి మర్యాదేమో. మా ఊళ్ళో లేదు," అంది.

"ఏమనుకోకండి," అంది రొవీనా కాఫీ పోస్తూ. "డెల్బర్ట్ పెద్దాయన అందరినీ ఇలాగే వేపుకు తింటాడు. మొన్న ఒక పాస్టరు గారిని కూడా వదల్లేదు."

"ఆయన దగ్గర రెండున్నాయి," అన్నాడు డెల్బర్ట్.

వెర్నా నవ్వలేదు. హోటల్ ఫోను నుంచి గేటు అవతలి ఆస్పత్రికి మాట్లాడింది. అక్క ఓపల్‌కు ఇంకా తెలివి ఉందనీ, తలుపు చప్పుడైతే చాలు వెర్నా వచ్చిందా అని అడుగుతోందనీ నర్సు చెప్పింది.

బయటికి వచ్చేసరికి డెల్బర్ట్ ఆమె బండి పక్కన నిలబడి ఉన్నాడు. బండికి తాళం వేసే అలవాటు ఆమెకు ఎప్పుడూ లేదు.

"ఇక్కడేం పని మీకు?"

"అద్దం నిండా పురుగులమ్మా. తుడుస్తున్నాను."

ఆమె బండి ఎక్కి తలుపు వేసుకుంది.

గేటు దగ్గర అధికారి కుర్రవాడు. తుపాకులు, ఆయుధాలు ఏమైనా ఉన్నాయా అని అడిగాడు.

"లేవు," అంది. ఆ మాట దానంతట అదే వచ్చింది.

"టెక్సస్ నుంచి వస్తూ ఒక్కటీ లేదా?" అంటూ అతను తలుపు తీసి, సీటు కిందికి చెయ్యి పోనిచ్చాడు.

అప్పుడు తెలిసింది వెర్నాకు, తాను ఏమన్నదో. తలుపు వైపు చూస్తూ పడుకున్న అక్క కళ్ళ ముందు మెదిలింది.

చెయ్యి నూనెగుడ్డ మూటతో బయటికి వచ్చింది. అధికారి విప్పాడు.

లోపల అడవి చెర్రీల జామ్ సీసా ఉంది.

"ఇంట్లో చేసిందా?"

"అవుననుకుంటాను," అంది వెర్నా.

ఆస్పత్రి మంచం మీద ఓపల్ ఆ జామ్‌ను చెంచా కొసతో చప్పరించింది. ఆమె చివరిసారి ఇష్టంగా తిన్నది అదే.

"పులుపు. ఎవరిచ్చారే?"

"ఒక దొంగ."

"దొంగదైనా సరే, సీసా ఖాళీగా తిరిగివ్వకు. అమ్మ ఊరుకోదు," అంది ఓపల్.

చెల్లెలి చెయ్యి పట్టుకునే ఆమె వెళ్ళిపోయింది.

అంత్యక్రియలయ్యాక, అక్క పెరట్లో రాలిన చిట్టి ఆపిల్ పళ్ళతో వెర్నా జెల్లీ వండి, ఆ సీసా నిండా పోసింది. దొంగకు ఏం చెప్పాలో దారి పొడవునా కూర్చుకుంది.

ఉత్తరపు కిటికీ పక్కన కుర్చీ ఖాళీగా ఉంది.

రొవీనా లోపలి నుంచి అంట్లు తుడిచే తువ్వాలులో చుట్టిన రివాల్వర్ తెచ్చి ఆమె ముందు పెట్టింది. డెల్బర్ట్ పోయిన వారం నిద్రలోనే పోయాడని చెప్పింది. గుడ్డ విప్పినందుకు క్షమించమని అడగమన్నాడట.

వెర్నా చాలాసేపు సీసాను వదలలేదు.

"ఆయన ఒకప్పుడు ఆ గేటు దగ్గర అధికారా?"

"ఎవరు, పెద్దాయనా? కాదు."

"మరి ఇది ఎవరికివ్వను?"

"మీకు శ్రమ అనిపించకపోతే వెనక్కి తిప్పండి బండి. గేటు దాటాక మొదటి ఊరి శ్మశానంలో ఆయన కొడుకున్నాడు, అక్కడ పెట్టండి," అంది రొవీనా. "సైన్యంలోకి పిలిస్తే యుద్ధానికి పోనని అటు వెళ్ళిపోయిన కొడుకు చావుబతుకుల్లో ఉన్నాడని తెలిసి, పంతం వదిలి ఒక్లహోమా నుంచి వచ్చాడు పెద్దాయన, బండి తుపాకీ సంగతి మరిచి ఆ గేటు దగ్గర 'లేవు' అన్నాడు, వాళ్ళు మళ్ళీ ఎన్నడూ దాటనివ్వలేదు, అందుకే కొడుక్కి ఇంతకంటే దగ్గరగా ఉండే కుర్చీ ఇంకెక్కడా లేదని ఇక్కడే కూర్చుండిపోయాడు."