తలెత్తని కోడలు

శ్రావణ శుక్రవారం పేరంటానికి వచ్చిన ఆడవాళ్ళందరికీ నళిని తాంబూలాలు ఇచ్చింది. గడ్డం గుండెకు ఆనించి, ఒక్కరి మొహమైనా చూడకుండా.

"ఎంత అణకువక్కా! ఈ కాలంలో ఇట్లాంటి కోడలు ఏడ దొరికింది నీకు?" అంది ఒకావిడ.

అత్త అక్కయమ్మ పొంగిపోయింది.

పొంగిపోదా మరి! నగర్తపేటలో వాళ్ళుండే ఆ ఇరుకు సందులో ఏ కోడలు ఏ అత్తను ఎదిరించిందో పొద్దున కాఫీకల్లా అందరికీ తెలిసిపోతుంది. అలాంటి చోట ఏడాదిగా తలెత్తని కోడలంటే మాటలా?

పెళ్ళిచూపుల్లోనూ అంతే. ముళబాగిలు దగ్గర నళిని వాళ్ళ ఊళ్ళో, చాప మీద కూర్చున్న పిల్ల లేచి లోపలికి వెళ్ళేదాకా తల ఎత్తలేదు.

"మొహం సరిగ్గా కనపడలేదమ్మా" అని కొడుకు మునీంద్ర నసిగాడు.

"మొహం చూసి ఏం చేస్తావురా? గుణం చూడప్పా" అని అక్కయమ్మే సంబంధం ఖాయం చేసింది.

పేరంటాళ్ళు వెళ్ళిపోయారు. ఎంగిలి లోటాలు తీసుకుని వంటింటి గుమ్మం దాకా వెళ్ళిన అక్కయమ్మ అక్కడే ఆగిపోయింది.

లోపల నళిని అన్నం తింటోంది. కుడి చేత్తో ముద్ద. ఎడమ చెయ్యి గడ్డం కింద.

"అట్లా ఏంటికి పట్టుకుంటివే?"

నళిని ఉలిక్కిపడింది. "వదిలితే తల పడిపోతాది అత్తా."

"పడిపోయేదేంది?"

"పెళ్ళికి ముందు నించే కొంచెం కొంచెం ఉండాది. ఇప్పుడు చేతులు గూడా పైకి లేవడం లేదు. జడ ఆయనే వేస్తా ఉండాడు."

"చెప్పొద్దా నాకు!"

నళిని చేతిలో ముద్ద కంచంలో వదిలేసింది.

"మీరు అందరికీ చెప్పుకొని మురిసిపోతా ఉంటిరి. నాకు నోరు రాలేదు."

అక్కయమ్మ ఎంగిలి లోటాలు అక్కడే కింద పెట్టేసింది. సందంతా టముకు వేసుకున్న గొప్ప ఒక జబ్బా?

ఆ రోజు నుంచి ఆమె కోడలిని వెంటబెట్టుకుని ఎక్కని ఆసుపత్రి మెట్టు లేదు. ఒకరు నరాలన్నారు, ఒకరు రక్తం తక్కువన్నారు. చివరికి ఒక పెద్దాసుపత్రిలో డాక్టర్ జెస్సీ అనే ఆమె కండ ముక్క తీసి పరీక్ష చేయించింది. రక్తం విదేశానికి పంపింది. జవాబు వచ్చేసరికి రెండువేల ఎనిమిది వేసవి వచ్చింది.

"ఒంట్లో ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అని చిన్న చిన్న పొయ్యిలుంటాయమ్మా" అంది డాక్టర్. "అక్కడ కొవ్వు మండితే మనకు బలం. అది మండడానికి ఒక ఎంజైమ్ కావాలి. దాన్ని తయారుచేసే జన్యువులో ఈ అమ్మాయికి లోపం ఉంది. ఈటీఎఫ్‌డీహెచ్ అంటారు."

ఆ పేరు అక్కయమ్మకు నోరు తిరగలేదు. పొయ్యి మాత్రం అర్థమైంది.

"అంటే స్టవ్వులో నూనె ఉండాది, వత్తి అంటుకోవడం లేదు."

"అంతే. బి-టూ విటమిన్ ఎక్కువ మోతాదులో ఇద్దాం. ఈ రకంలో చాలామందికి అంటుకుంటుంది. అందరికీ అని మాటివ్వలేను."

పసుపు రంగు మాత్రలు. ఇంత జబ్బుకు ఇంత చిన్న మాత్రలా అని అక్కయమ్మకు నమ్మకం కుదరలేదు. అయినా పూటపూటకీ కోడలి గడ్డం తనే పట్టి లేపి, మాత్ర వేసి, నీళ్ళు తాగించింది.

ఇక రోజూ పొద్దున్నే అదే పాట.

"తలెత్తవే! ఇంకొంచెం ఎత్తవే తల్లీ!"

పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూసింది. "ఇదేందక్కా, తల దించమనే అత్తల్నే చూస్తిమి గానీ..."

"సుమ్నే ఊరకుండక్కా, నీకేం తెలుసు!"

రోజులు గడుస్తున్నాయి. నళిని తల మాత్రం గుండె మీదే ఉంది. ఒక సాయంత్రం దీపం పెడుతూ అక్కయమ్మ దేవుడితోనే పోట్లాటకు దిగింది.

"అణకువా వద్దు, ఏమీ వద్దు సామీ. ఎదురు మాట్లాడినా పడతా, ఎగిరెగిరి పడినా పడతా. దాని తల లేపు."

వెనక గుమ్మం దగ్గర నళిని విన్నదో లేదో అక్కయమ్మకు తెలియలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు గడ్డం కింది చెయ్యి అప్పుడప్పుడూ కనిపించకుండా పోయేది. అక్కయమ్మ గమనించింది గానీ దిష్టి తగులుతుందని పైకి అనలేదు.

ఒక ఆదివారం ఉతికిన బట్టల బకెట్ కనిపించలేదు. అక్కయమ్మ మోకాళ్ళు పట్టుకుని మిద్దె ఎక్కింది.

నళిని రెండు చేతులూ పైకెత్తి మునీంద్ర చొక్కాను తీగ మీద వేస్తోంది. క్లిప్పు పెట్టింది. ఇంకో క్లిప్పు పెట్టింది. పైన రామచిలుకల గుంపు అరుచుకుంటూ పోతుంటే, మెడ వెనక్కి వాల్చి అవి కనుమరుగయ్యేదాకా చూసింది.

"నళినీ!"

ఆ పిల్ల గిరుక్కున తిరిగి ఎదురుగా వచ్చి నిలబడింది. నిటారుగా. మొహంలో మొహం పెట్టి.

చూసీ చూసీ పకపకా నవ్వేసింది.

"అయ్యో, మీరు ఇంత పొట్టా అత్తా!"

అక్కయమ్మ తల పైకెత్తి, కోడలి మొహం చూస్తూ నిలబడింది.