నాలుగు కేజీల తొమ్మిది వందలు

"సుగర్ లేదని రాశావుగా! ఇదిగో, నీ సంతకమే!"

ఆరోగ్య కేంద్రం వరండాలో రెబెకా అరుపులకు, మందుల కోసం వచ్చినవాళ్ళంతా చుట్టూ మూగారు. ఆమె చేతిలో మరదలు ఫెబా రిపోర్టు. ఎదురుగా రక్తపరీక్షలు చేసే హయాత్ తల వంచుకుని నిలబడ్డాడు.

బెంచీ మీద ఫెబా. ఒళ్ళో పదకొండు రోజుల పిల్లాడు. పుట్టినప్పుడు నాలుగు కేజీల తొమ్మిది వందలు. తల బయటికొచ్చింది, భుజాలు ఇరుక్కున్నాయి. తంటాలుపడి లాగితే ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి చచ్చుబడింది. తల్లికి సుగర్ ఎక్కువై బిడ్డ ఇంత పెరిగాడనీ, ముందే తెలిస్తే ఆపరేషన్ చేసేవాళ్ళమనీ గుంటూరులో కాన్పు చేసిన డాక్టరమ్మ చెప్పింది.

ముందే ఎలా తెలుస్తుంది? రిపోర్టులో అంతా బాగానే ఉందాయె!

"మొదటివాడు కేజీన్నర పుట్టి మూడోరోజే పోయాడండీ." అరుపులు విని బయటికొచ్చిన పెద్ద డాక్టరుతో మొరపెట్టుకుంది రెబెకా. "వీడన్నా పుష్టిగా పుట్టాలని పొద్దున సున్నుండలు, సాయంత్రం మామిడిపళ్ళు నా చేత్తో నేనే పెట్టాను. సుగరుందని ఒక్క ముక్క చెబితే పెట్టేదాన్నా?"

నిజమే పాపం. మరదల్ని అంత అపురూపంగా చూసుకున్న ఆడపడుచు ఆ ఊళ్ళో ఇంకొకరు లేరు. మిరపకోతలకు పంపలేదు. బిందె ఎత్తనివ్వలేదు. కడుపుతో ఉన్నదాని ఒంట్లోంచి బొట్టు రక్తం పోయినా బిడ్డ చిక్కిపోతాడని ఆమె భయం.

పెద్ద డాక్టరు హయాత్ వైపు తిరిగాడు.

"నిజం చెప్పు. పరీక్ష చేశావా, చేయకుండానే అంకె వేశావా?"

"అల్లా సాక్షిగా చేశానండీ. గ్లూకోజు నీళ్ళు తాగించి, రెండు గంటలు కూర్చోబెట్టి మరీ తీశాను. మామూలుగానే వచ్చింది."

"పచ్చి అబద్ధం సార్!" రెబెకా రిపోర్టును బల్లమీద విసిరికొట్టింది. "ఇట్టాంటోణ్ణి వదిలిపెట్టకండి. ఇంకో తల్లికి ఈ గతి పట్టకూడదు."

జనం ఔనౌనన్నారు. హయాత్‌ది కాంట్రాక్టు ఉద్యోగం. రేపటినుంచి రావద్దని డాక్టరు అక్కడికక్కడే చెప్పేశాడు. హయాత్ తెల్లకోటు విప్పి, మడతపెట్టి, కుర్చీ మీద ఉంచాడు. ఏడుపు ఆపుకోలేకపోయాడు.

"నువ్వన్నా నాలుగు దులపవేమే, నోరు పడిపోయిందా?" అని గుంపులోంచి ఓ ముసలమ్మ ఫెబాని గదమాయించింది.

ఫెబా వేలాడుతున్న పిల్లాడి చేతిని తుండుగుడ్డలోకి సర్దింది.

"ఇంటికి పోదాం పద, వదినా," అంది.

పరీక్ష రోజున ఫెబా ఇంట్లో సున్నుండ తింటూ కూర్చుంటే, ఆమె చీటీ పట్టుకొచ్చి, ఆమె పేరుకు పలికి, ఆ తీపినీళ్ళు తాగి, హయాత్ ముందు చెయ్యి చాపింది రెబెకాయే.